ఏం లేదని చెప్పిన కళ్ళు

జనగామ బస్టాండు వెనక సందులో ఉన్న జోసెఫ్ డీటీపీ సెంటరుకు మొదటిసారి వచ్చినవాళ్ళు గడప దగ్గరే కాసేపు ఆగిపోయేవారు. లోపల కంప్యూటరు ముందు బక్కపల్చటి పిల్ల ఒకతె కూర్చుని ఉండేది. ఆమె రెండు చెంపల మీదా నీళ్ళు కారుతుండేవి. చేతులు మాత్రం కీబోర్డు మీద ఆగకుండా ఆడుతుండేవి. ఏడుస్తున్న మనిషికి పని ఎలా చెప్పాలో తెలియక వాళ్ళు జోసెఫ్ వైపు చూసేవారు.

“ఏం కాలే, లోపలికి రాండ్రి,” అనేవాడు జోసెఫ్. “మా సుమిత్ర పెండ్లి కార్డు కొట్టినా ఏడుస్తది, పది దినాల కార్డు కొట్టినా ఏడుస్తది. మీది ఏ కార్డో చెప్పుండ్రి.”

సుమిత్ర చున్నీ అంచుతో చెంపలు తుడుచుకుని, తల ఎత్తకుండానే చిన్నగా నవ్వేది.

కిందటి దసరాకు ముందు కొడకండ్ల నుంచి బాలనర్సయ్య అనే ముసలాయన భార్య కర్మ కార్డు కొట్టించుకోవడానికి వచ్చాడు. పక్కన స్టూలు మీద కూర్చుని వెంకటనర్సమ్మ గురించి ఒక్కో మాటా చెబుతుంటే సుమిత్ర కళ్ళ నుంచి నీళ్ళు ధార కట్టాయి. ఆయన చెప్పడం ఆపేశాడు. “నువ్వు ఏడ్వకు బిడ్డా. ఆమెను నువ్వు చూసినదానివి గూడ కాదు,” అని ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. వారం తర్వాత సంచీ నిండా సీతాఫలాలు తెచ్చిచ్చి వెళ్ళాడు. ఆ పండ్లు తినడానికి సుమిత్రకు మనసొప్పలేదు. అవి ఏడుపు నీళ్ళు కావని ఆయనకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నోటిదాకా వచ్చిన మాటను మింగేయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

అవి ఎండిపోయిన కళ్ళ నుంచి వచ్చే నీళ్ళు. హన్మకొండ కళ్ళ డాక్టరు ఆ సంగతి ఆమెకు రెండుసార్లు విడమరిచి చెప్పాడు. “కంటి మీద ఎప్పుడూ సన్నగ తడి పొర ఉండాలె. నీకు అది నిలుస్తలేదు. కన్ను ఎండి మంట లేస్తది. మంటకు నీళ్ళు ఉరికొచ్చి చెంప మీదికి పోతయి. అవి కంటికి అక్కరకు రావు.”

ఆ డాక్టరు దగ్గరికి ఆమె నెలకోసారి ఒంటరిగా వెళ్ళి వస్తున్నదని ఇంట్లో ఎవరికీ తెలియదు. షాపుకు కాగితాలు కొనడానికి వెళ్తున్నానని చెప్పేది. పొద్దున లేస్తూనే రెప్పలు అంటుకుని ఉండేవి. వాటిని వేళ్ళతో మెల్లగా విడదీసి, తలగడ కింద నుంచి చుక్కల మందు సీసా తీసి, ఎవరూ లేవకముందే వేసుకునేది. షాపులో ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా కుర్చీ పక్కకు జరుపుకునేది. తెర ముందు కూర్చున్న మనిషి రెప్ప వేయడమే మరిచిపోతాడని డాక్టరు చెప్పాక, ప్రతి వాక్యం చివర చుక్క పెట్టినప్పుడల్లా రెప్ప వేయడం నేర్చుకున్నది. చుక్కలు లేకుండా సాగిపోయే కరపత్రాలు వచ్చినప్పుడు మాత్రం పూర్తిగా మరిచిపోయేది. ఆ ఏడాది వచ్చినవన్నీ అలాంటి కరపత్రాలే. ఊరూరా జేఏసీలు, ఊరూరా సభలు. తెలంగాణ గురించి రాసేవాళ్ళకు వాక్యం ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు.

నర్మెట్ట దగ్గరి తండాలో సుమిత్ర పుట్టింది. ఇంట్లో లంబాడీ, ఊళ్ళోకి వస్తే తెలుగు. నాలుగో తరగతిలో పలక కూడా ముక్కుకు ఆనించుకుని చదువుతుంటే పంతులు చూసి తండ్రి మాన్‌సింగ్‌ను పిలిపించాడు. అద్దాలు వచ్చాయి. ఏటేటా అవి మందమయ్యాయి. తండాలో అద్దాలు పెట్టుకున్న మొదటి మనిషి ఆమె. ఇంటర్ మొదటి ఏడాదిలో తల్లి రుక్కి నడుము పట్టేసి మంచాన పడడంతో చదువు ఆగింది. తల్లి లేచి తిరగడం మొదలయ్యాక సుమిత్ర జనగామలో టైపు నేర్చుకుని, జోసెఫ్ దగ్గర పనికి కుదిరింది.

అద్దాలు తీసేయాలన్న కోరిక ఎవరూ పెట్టింది కాదు. పొద్దున కళ్ళు తెరిస్తే అద్దాల కోసం తడుముకోకుండానే ముందు తల్లి ముఖం కనబడాలని ఆమెకు ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. లేజర్ ఆపరేషన్ గురించి చెప్పినప్పుడు మాన్‌సింగ్ ఒప్పుకోలేదు.

“మంచిగున్న కండ్లకు కోత ఎందుకే? గా అద్దాలు నిన్ను బువ్వ అడుగుతున్నయా?”

ఎన్నడూ ఎదురు చెప్పని సుమిత్ర అప్పుడూ ఎదురు చెప్పలేదు. మూడేళ్ళ జీతంలో మిగిలింది తీసుకుని, కిందటేడు ఎండాకాలంలో, జోసెఫ్ భార్య సంగీతను తోడు పెట్టుకుని హైదరాబాద్ వెళ్ళింది.

ఆసుపత్రిలో ముందుగా ఒక అమ్మాయి ఎదురుగా కూర్చుని కాగితం చూస్తూ ప్రశ్నలు అడిగింది. “కళ్ళు పొడిబారినట్టు ఏమైనా అనిపిస్తుందా అండీ? మంట, గరగర?”

“పొద్దుగాల లేవంగనే ఇసుక పోసినట్టయితది,” అన్నది సుమిత్ర. “కంప్యూటర్ ముంగట కూసుంటే ఇంకింత ఎక్కువయితది.”

ఆ అమ్మాయి పక్క బల్ల దగ్గరున్న ఇంకో అమ్మాయి వైపు చూసింది. “ముంగట కూసుంటే,” అని మెల్లగా, ముద్దుగానే అన్నది. ఇద్దరూ నవ్వుకున్నారు. అందులో కక్ష ఏమీ లేదు. సినిమాల్లో దొంగలకూ పనిమనుషులకూ పెట్టే మాట ఎదురుగా వినబడితే వచ్చే నవ్వు అది. సుమిత్రకు చెవులు వేడెక్కాయి.

“అంటే, ఉందా లేదా అండీ?”

“లేదు.”

“నీళ్ళు కారడం?”

“ఏం లేదు.”

“రోజుకు ఎన్ని గంటలు స్క్రీన్ చూస్తారు?”

“ఎక్కువేం లేదు.”

కాగితం మీద గళ్ళన్నీ నిండిపోయాయి. సంగీత బయట నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళి ఉండకపోతే ఏమనేదో గాని, లోపల జరిగింది ఆమెకు కూడా సుమిత్ర చెప్పలేదు.

ఆపరేషన్ మంచిగానే అయింది. తండాకు తిరిగొచ్చిన మర్నాడు పొద్దున ఆమె కళ్ళు తెరిచేసరికి పొయ్యి ముందు వంగి ఊదుతున్న తల్లి, ఆమె ముక్కుపుడకతో సహా కనబడింది. సుమిత్ర చాలాసేపు లేవకుండా అలాగే పడుకుని చూసింది. గట్టు మీద మేస్తున్న మేకలను ఇంటి ముందు నుంచే లెక్కపెట్టింది. మాన్‌సింగ్ తానే గట్టెక్కి సరిచూసి వచ్చాడు. లెక్క తప్పలేదు. వద్దన్న మనిషే ఆ రోజు నుంచి కనబడిన ప్రతివాడికీ చెప్పసాగాడు. “మా సుమిత్ర కండ్లు చూసినవా? గట్టు మీది మేకను ఈడికెళ్ళి గుర్తు పడ్తది.”

నాలుగో నెలలో ఇసుక తిరిగొచ్చింది, ఈసారి ముందుకంటే ఎక్కువగా. అప్పటికి మాన్‌సింగ్ ఆ మాట చిట్యాలలోని బంధువుల దాకా చేరవేశాడు. వద్దన్నా వెళ్ళి చేయించుకున్నది తాను. ఇప్పుడు మండుతున్నాయని ఏ ముఖంతో చెప్పాలి? “ఎట్లున్నయి బిడ్డా?” అని ఆయన అడిగినప్పుడల్లా “మంచిగున్నయి బాపు,” అనేది.

ఆ అబద్ధం తన ఒక్కదానితో ఆగితే బాగుండేది. తండ్రి తమ్ముడి కూతురు లాలి మీదికి అది వచ్చి పడింది.

లాలికి పంతొమ్మిదేళ్ళు. జనగామలో డిగ్రీ చదువుతున్నది. ఆమెకూ అద్దాలు ఉన్నాయి. తండ్రి పుణెకు కూలి పనికి వెళ్ళినప్పటి నుంచి పెద్దబాపు మాన్‌సింగే ఆమెకు దిక్కు. తెలంగాణ వస్తే పోలీసు ఉద్యోగాలు పడతాయని, అద్దాలుంటే పక్కకు పెడతారని కాలేజీలో అందరూ అనుకుంటుంటే విని, రోజూ పొద్దున రోడ్డు మీద పరుగు తీసేది. పరుగులో అద్దాలు జారిపోకుండా వెనక బూటు లేసుతో కట్టుకునేది. సుమిత్రకు మంచిగైందని చూసి, లాలికీ చేయించాలని మాన్‌సింగే తమ్ముడిని ఒప్పించాడు. సెప్టెంబరు మొదట్లో లాలి షాపుకు వచ్చి ఆ సంగతి చెప్పింది.

“బతుకమ్మ కంటె ముందే పొమ్మన్నడు పెద్దబాపు. అక్కా, నొప్పేమన్న ఉంటదా?”

“నొప్పేం ఉండది.”

లాలి అద్దాలు తీసి తుడుచుకున్నది. కళ్ళ మూలలు ఎర్రగా ఉన్నాయి. ఫ్యాను గాలికి ఊరికే రెప్పలు కొట్టుకుంటున్నది. చూడడం తప్ప వేరే పని లేని మనిషిలా సుమిత్ర అన్నీ చూసింది.

“రాత్రి చదివితే మండుతున్నయక్కా,” అన్నది లాలి. “నంబరు పెరిగిందో ఏందో. ఆపరేషన్ అయితే గదంత పోతది కదా. నీకు మండలేదు కదా?”

సుమిత్ర తెర వైపు తిరిగింది. “లేదు,” అన్నది.

లాలి వెళ్ళిన తర్వాత ఆమె పెండ్లి కార్డు మీద పెళ్ళికొడుకు పేరును పెళ్ళికూతురి చోట కొట్టింది. జోసెఫ్ చూసి, “గిట్లయితే వాళ్ళకు అప్పగింతలు గూడ తారుమారైతయి,” అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

వారం తిరగకముందే సకల జనుల సమ్మె మొదలైంది. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి. తర్వాత బస్సులు ఆగాయి. భూపాలపల్లిలో కార్మికులు గనుల్లోకి దిగడం మానేశారు. బొగ్గు లేక కరెంటు పోయింది. పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. జోసెఫ్ రెండు రోజులు ఇన్వర్టరుతో నెట్టుకొచ్చి, మూడో రోజు షట్టరు దించాడు.

“ఇంటికి పో సుమిత్రా. కరెంటొస్తే పిలుస్త. రాకుంటే తెలంగాణ వచ్చినంకనే పిలుస్త.”

ఏడాది తర్వాత మొదటిసారి ఆమె తెర లేకుండా రోజులు గడిపింది. పత్తి చేనులో కలుపు తీసింది. తల్లికి నీళ్ళు మోసింది. అయిదో రోజు పొద్దున రెప్పలు వాటంతటవే విడిపోయాయి. రోజుకు ఆరుసార్లు వేసుకునే మందు మూడుసార్లకు దిగింది. మబ్బును చూసింది, చెట్టును చూసింది, దేన్ని చూసినా కళ్ళు గుచ్చుకోలేదు. ఇన్నాళ్ళూ తాను ఎంత ఓర్చుకున్నదో ఆ చల్లదనంలోనే ఆమెకు తెలిసొచ్చింది. తెలిసొచ్చిన కొద్దీ లాలి ఎర్రటి కళ్ళే గుర్తుకొచ్చాయి.

చెప్పాలని ఒకసారి బోరు దగ్గర ఆగింది. లాలి నీళ్ళు పడుతూ, కానిస్టేబుల్ బట్టల్లో తండాకు వస్తే ఎవరెవరి ముఖాలు ఎలా మాడిపోతాయో నటించి చూపిస్తున్నది. ఆడవాళ్ళంతా నవ్వుతున్నారు. సుమిత్ర బిందె నింపుకుని వచ్చేసింది. ఇంకోసారి లాలి ఇంటి గుమ్మం దాకా పోయింది. లోపల మాన్‌సింగే కూర్చుని ఉన్నాడు.

“బస్సులు లేకుంటేంది? కూలోళ్ళ మేస్త్రీ జీపు ఎల్లుండి హైదరాబాద్ పోతున్నది,” అంటున్నాడు. “అండ్ల నీకు జాగ ఉన్నది. సంగీతమ్మకు ఫోన్ చేసి తోడు అడిగిన. ఏం బుగులు పడకు. మా సుమిత్రను చూస్తలేవా?”

సుమిత్ర గుమ్మం దగ్గరి నుంచే వెనక్కు తిరిగింది. ఇక మిగిలింది ఒక్క రోజు.

ఆ ఒక్క రోజున జనగామ దగ్గర పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఇండ్లలో పొయ్యి ముట్టించకుండా, అందరూ రోడ్డు మీదికి వచ్చి వండుకుని అక్కడే తినడం ఆ ఉద్యమంలో ఒక పద్ధతి. చుట్టుపక్కల ఊళ్ళు, తండాలు ట్రాక్టర్లలో దిగాయి. డాంబరు రోడ్డు పొడుగునా మూడేసి రాళ్ళ పొయ్యిలు. ముందు రాత్రి వాన పడి కట్టెలన్నీ నానాయి. ముట్టించిన ప్రతి పొయ్యీ మండకముందు గంటసేపు పొగ కక్కింది.

సుమిత్రను బియ్యం ఎసరు దగ్గర కూర్చోబెట్టారు. ఊదుగొట్టం చేతికిచ్చారు. లేచి వెళ్తే అందరూ చూస్తారని ఆమె లేవలేదు. మొదట కళ్ళు మండాయి. తర్వాత కారం పోసినట్టయింది. చుక్కల సీసా ట్రాక్టరులోని సంచీలో ఉండిపోయింది. కాసేపటికి ఆమె రెప్పలు తెరవలేకపోయింది. ఊదుగొట్టం కింద పెట్టి, మోకాళ్ళ మధ్య తల దాచుకున్నది.

నాయనమ్మ సక్రి ముందుగా చూసింది. “ఏ, పోరి పడేటట్టున్నది, జరుగుండ్రి,” అని ఆమె రెక్క పట్టుకుని రోడ్డు పక్కన చింత నీడకు లాక్కుపోయింది. రెప్ప ఎత్తి చూసి నోరు నొక్కుకున్నది. “గిదేందే, మిరపపండు లెక్క ఉన్నయి. భాగ్యా, ఓ భాగ్యా, ఇటు రా.”

పక్కింటి భాగ్య చంటిపిల్లను చంకనేసుకుని వచ్చింది. సక్రి మోదుగాకు దొప్ప ఆమె చేతిలో పెట్టింది. “పాలు పిండు. రెండు చుక్కలు చాలు.”

కళ్ళు ఎర్రబడితే చనుబాలు పొయ్యడం తండాలో పసిపిల్లకు కూడా తెలిసిన వైద్యం. భాగ్య కొంగు చాటు చేసుకుని దొప్పలో పిండింది. దగ్గరికి వస్తున్న పాల వాసన తెలిసి సుమిత్ర రెండు చేతులతో కళ్ళు మూసుకున్నది.

“వద్దు దాదీ.”

“వద్దేంది? మీ బాపుకు కండ్లకలక వచ్చినప్పుడు గివే పోసిన. ఇయ్యాల ట్రాక్టర్ నడుపుతలేడా? చెయ్యి తియ్యి.”

“వద్దు. మందు తప్ప ఏం పొయ్యొద్దన్నడు డాక్టరు.”

“ఏ డాక్టరు?”

సుమిత్ర తల పక్కకు తిప్పుకున్నది.

“ఆపరేషన్ అయి ఏడాది దాటె,” అన్నది సక్రి. “ఇంక డాక్టరెవడే? మందేందే?”

అప్పటికి గరిటె చేత పట్టుకునే మాన్‌సింగ్ వచ్చాడు. వెనక నీళ్ళ బిందెతో లాలి. సుమిత్ర చేతులు తియ్యలేదు. కళ్ళు మూసుకుని ఉన్నందుకు ఎవరి ముఖమూ ఆమెకు కనబడలేదు. బహుశా అందుకే గొంతు పెగిలింది.

“హన్మకొండ డాక్టరు. కాగితాలకని చెప్పి ఆయన దగ్గరికే పోతున్న. నా కండ్లు ఎండిపోయినయి బాపు. నాలుగో నెలకెళ్ళి మండుతున్నయి. రోజుకు ఆరుమాట్ల మందు ఏసుకుంటున్న. షాపుల కారేటివి గవే నీళ్ళు. లాలీ, నువ్వు అడిగిననాడు గూడ మండుతుండె. లేదని చెప్పిన.”

చంటిపిల్ల ఏడ్చింది.

“నేను రేపు పోతున్న,” అన్నది లాలి.

“తెలుసు.”

“నేను పోయొచ్చి, నాకు గూడ మండినంక చెబుదామనుకున్నవా?”

బిందె నేల మీద పెట్టిన చప్పుడు, చెప్పులు దూరమైన చప్పుడు వినిపించాయి.

మాన్‌సింగ్ గరిటెను సక్రికిచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. లాలి వదిలేసిన బిందెలోని నీళ్ళతో తువ్వాల కొస తడిపి, పిండి, ఆమె రెప్పల మీద పరిచాడు. “నన్ను చూసి భయపడ్డవా?” అని అడిగాడు.

“నువ్వు అందరికి మంచిగ చెప్పుకుంటుంటివి.”

“గట్టు మీది మేకలు అబద్ధమేనా మరి?”

“కాదు బాపు. దూరంవి ఇప్పటికీ మంచిగనే కనబడ్తయి. తెర ముంగట కూసుంటేనే ఓర్వయి.” ఆమె తువ్వాలను చేత్తో అదిమి పట్టుకున్నది. “ఆపరేషన్ చెడ్డదని నేనంటలేను. నాకు ముందుగాలనే ఇసుక పోసినట్టుంటుండె. ఆడ అడిగిండ్రు. నేనే ఏం లేదన్న. లాలి కండ్లు గూడ గట్లనే ఉన్నయి. చూసి, చెప్పకుంటి.”

“జీపాయనకు నేను చెప్త. లాలిని పోనియ్య.”

“నువ్వు ఆపకు. మల్ల నీ మాట మీదనే ఆగినట్టయితది. గా పిల్లే అనుకోవాలె.”

మాన్‌సింగ్ కూతురి వైపు వింతగా చూశాడు. ఆమె నోటి నుంచి ఇన్ని మాటలు ఒక్కసారి ఆయన ఎన్నడూ వినలేదు. “సరే,” అన్నాడు. భాగ్య చేతిలోని దొప్పను ఏం చేయాలో తెలియక సక్రి చెట్టు మొదట్లో ఒంపేసింది.

మర్నాడు పొద్దున జీపు వచ్చే వేళకు లాలి ఎప్పటిలాగే పరుగు తీస్తున్నది. సుమిత్ర వాళ్ళ ఇంటి ముందు నుంచి రెండుసార్లు ఇటు చూడకుండానే వెళ్ళిపోయింది. మూడోసారి వచ్చినప్పుడు ఆగి, రొప్పుతూ అరుగు చివర కూర్చున్నది.

“ఆడ ఏమడిగిండ్రు నిన్ను?”

సుమిత్ర చెప్పింది. ఇసుక మాట, బల్ల దగ్గరి నవ్వు, ఆ తర్వాత తాను చెప్పిన అన్ని “ఏం లేదు”లు. ఎవరికీ చెప్పని ఆ ముక్క చెబుతుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కాయి.

లాలి అద్దాల లేసు విప్పుకుంటూ విన్నది. “కూసుంటే అన్నందుకు నవ్విండ్రా?”

“ఊఁ.”

“నువ్వేమో నవ్విండ్రని కండ్లు పోగొట్టుకుంటివి.” లాలి నుదుటి చెమట తుడుచుకున్నది. “నేనైతే ‘నవ్వుడు అయినంక జెప్పుండ్రి, నేను ఈడనే కూసుంట’ అంటుంటి.”

“నువ్వంటవు.”

“నువ్వు నాకన్న పెద్దదానివి గదా. నువ్వనాలె ముందుగాల.” కోపం ఇంకా గొంతులో ఉంది. జీపు హారన్ రెండుసార్లు వినబడింది. లాలి లేవలేదు. “పెద్దబాపుకు చెప్పు, జీపును పొమ్మనుమని. నీ డాక్టరు దగ్గరికి తీస్కపో నన్ను. ఆయన ఏమంటడో వింట. ఆపరేషన్‌కు పొమ్మంటే మల్ల పోత, నీ లెక్క బుగులుపడ.”

సమ్మె ముగిసి బస్సులు తిరిగిన వారానికి ఇద్దరూ హన్మకొండ వెళ్ళారు. అప్పటికి జోసెఫ్‌కు కూడా సుమిత్ర నిజం చెప్పేసింది. ఆయన కంప్యూటరు బల్ల కాళ్ళను నాలుగు వేళ్ళ మేర కోయించి తెర కిందికి దించాడు. గంటకోసారి ఆమెను బయట నిలబెట్టి తాను కూర్చుంటున్నాడు. “మా ఇంటామె నన్ను ఏడాది నుంచి తిడుతున్నది, పనికొచ్చిన పిల్లను ఏడిపిస్తున్ననని,” అని వచ్చినవాళ్ళకు చెప్పుకుంటున్నాడు.

డాక్టరు లాలి రెండు కింది రెప్పల్లో సన్నటి కాగితపు ముక్కలు తగిలించి, అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని కదలకుండా ఉండమన్నాడు. కాగితం ఎంత మేరకు తడిస్తే కంట్లో అంత తడి ఉన్నట్టు. ఆ అయిదు నిమిషాల్లోనే ఆయన ప్రశ్నలు అడిగాడు. లాలి ముఖం పైకెత్తి, రెండు తెల్ల కాగితాలు వేలాడుతుండగా, అడిగినదానికి రెండింతలు చెప్పింది. పొద్దుగాల ఎట్లుంటదో, కాలేజీ కంప్యూటరు ముంగట ఎట్లుంటదో, పరుగులో గాలి కొడితే ఎట్లుంటదో. పక్కన నిలబడిన సుమిత్ర కాగితాలనే చూస్తున్నది. తడి కొంచెం దిగి ఆగిపోయింది. ఇంకొంచెం దిగితే బాగుండునని ఆమె ఊపిరి బిగబట్టుకున్నది. దిగలేదు.

“మూడు నెలలు మందు వాడు,” అన్నాడు డాక్టరు కాగితాలు తీసి వెలుతురుకు పట్టి. “తడి పెరిగితే అప్పుడు చూద్దాం. పెరగకుంటే ఆపరేషన్ జోలికి పోకు.”

“మరి పోలీసు నౌకరి?”

“అది నాకు తెల్వదు బిడ్డా. కన్ను సంగతి నేను చెప్పిన.”

బయటికి వచ్చి బస్టాండు బెంచీ మీద కూర్చున్నాక లాలి అద్దాలు ఒళ్ళో పెట్టుకుని లేసును వేలికి చుట్టుకుంటున్నది. ఏం చెప్పి ఓదార్చాలో సుమిత్రకు తెలియలేదు. చెప్పడానికి మంచి మాట ఒక్కటీ దొరకలేదు, దొరకనప్పుడు ఉత్త మాట చెప్పడానికి ఇక మనసు రాలేదు. బెంచీ మీద కొంచెం దగ్గరికి జరిగింది.

లాలి డాక్టరు చీటీ చూపి కొన్న కొత్త సీసా మూత తిప్పి, తల పైకెత్తి పిండుకున్నది. మొదటి చుక్క ముక్కు మీద పడింది. రెండోది చెవిలోకి పోయింది.

“గిదేంది, కన్ను దొరుకుతలేదు.”

“ఇటు తే.” సుమిత్ర సీసా తీసుకుని, ఆమె కింది రెప్పను వేలితో మెల్లగా లాగింది. “పైకి చూడు. గా బస్సు మీది బోర్డు చూడు. సీసా దిక్కు చూడకు.”

“అద్దాలు లేకుంటే బోర్డు ఏడ కనబడ్తది నాకు?”

“మానుకోట అని రాసున్నది. ఉన్నదనుకుని చూడు.”

లాలి నవ్వబోతుండగా చుక్క సరిగ్గా కంట్లో పడింది. ఆమె రెప్పలు మూసుకుని అలాగే ఉండిపోయింది. “సల్లగున్నది,” అన్నది. రెండో కంట్లో కూడా వేయించుకున్నాక అడిగింది. “నీకు ఎవరు ఏస్తుండె ఇన్నొద్దులు?”

“నేనే ఏసుకుంటుంటి.”

“రోజుకు ఆరుమాట్లనా?”

“ఊఁ.”

లాలి తడి కళ్ళు తుడుచుకుని అద్దాలు పెట్టుకున్నది. అక్క సంచీలో తానే చెయ్యి పెట్టి సుమిత్ర మందు సీసా వెతికి తీసింది.

“ఇట్ల తిరుగు,” అన్నది. “నువ్వు బోర్డు చదువు, నేను ఏస్త.”